రెండో లెన్స్ కొనే ఉద్దేశం ఉందా?

మా అక్క కొడుకు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కూడబెట్టుకున్న డబ్బుతో కెమెరా కొనుక్కుందామని విజయవాడలో ఒక దుకాణానికి వెళ్లి, అక్కడ విన్నదంతా ఆ సాయంత్రం నాకు ఫోనులో అప్పజెప్పాడు. "జేబులో పట్టేది అడిగాను మామయ్యా. అది తీసుకుని ఏం చేస్తావు, సెన్సర్ చిన్నది, ఆ డబ్బుకు మిర్రర్‌లెస్ తీసుకుంటే ఫొటో బాగా వస్తుంది అన్నారు" అన్నాడు. ఆ దుకాణంలోనే కాదు, యూట్యూబ్‌లో కెమెరాల గురించి చెప్పే చాలామంది నోట ఇదే మాట వినిపిస్తుంది. మిర్రర్‌లెస్‌లో, అంటే లెన్స్ విప్పి వేరేది తగిలించుకోగల కెమెరాలో, సెన్సర్ (వెలుతురును పట్టుకుని ఫొటోగా మార్చే చిప్పు) పెద్దదన్నది నిజమే. ఫొటో బాగా వస్తుందన్నది మాత్రం ఆ పెట్టెలో కెమెరాతోపాటు ఏ లెన్స్ ఇస్తున్నారో చూడకుండా చెప్పకూడని మాట.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించి ఇచ్చే కిట్ లెన్స్‌ను ఎప్పటికీ విప్పని మనిషికి, ఒక అంగుళం రకం సెన్సరున్న మంచి కాంపాక్టే, అంటే లెన్స్ మార్చే వీలులేని, జేబులో పట్టే కెమెరాయే మేలు. మిర్రర్‌లెస్‌కు పెట్టిన డబ్బు సార్థకమయ్యేది రెండో లెన్స్ కొన్న తరువాతే. అందువల్ల కొనేవాళ్లు ముందుగా తేల్చుకోవలసిన విషయం సెన్సర్ కొలత కన్నా, ఒకటి రెండేళ్లలో ఇంకొక లెన్స్ కొనే ఉద్దేశం, స్తోమత, ఓపిక తమకు ఉన్నాయా లేవా అన్నది.

ఇక్కడ కాంపాక్ట్ అంటున్నది ఒకప్పుడు ప్రతి ఇంటి బీరువాలోనూ కనిపించిన చిన్న డిజిటల్ కెమెరాను కాదు. వాటిలో ఎక్కువవాటికి 28 చదరపు మిల్లీమీటర్ల చిన్న సెన్సర్ ఉండేది. ఆ తరగతిని ఫోన్లు పూర్తిగా మింగేశాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లు దాటిన డిజిటల్ కెమెరాల సరఫరా 2023 నాటికి 77 లక్షలకు పడిపోయింది, అందులో లెన్స్ మార్చడానికి వీల్లేనివి 17 లక్షలే. మిగిలి బతికినవి వేరే రకం: 2012లో సోనీ ఆర్ఎక్స్100తో మొదలైన, ఒక అంగుళం రకం అని పిలిచే 13.2 × 8.8 మిల్లీమీటర్ల సెన్సర్ గల కాంపాక్టులు, వాటి సరసన కెనాన్ జీ7 ఎక్స్ వరుస, ఇంకా రికో జీఆర్ వంటి ఒకటి రెండు ప్రత్యేకమైనవి. 2023లో షావోమీ 13 ప్రో ఫోన్‌లో కూడా ఒక అంగుళం రకం సెన్సరే వచ్చిందని ఎవరైనా గుర్తు చేయవచ్చు. వచ్చింది. కాని ఆ సెన్సర్ ముందు ఉన్నది ఒకే దృశ్యకోణం గల లెన్స్; కాంపాక్టులో జూమ్ చేసినా ఆ సెన్సరంతా పనిచేస్తూనే ఉంటుంది.

తూము వెడల్పు

పోల్చడానికి ఒకే సంస్థ చేసిన రెండు కెమెరాలు తీసుకుందాం: 2019లో వచ్చిన కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3 కాంపాక్ట్, 2023లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్50 మిర్రర్‌లెస్. రెండోదాని సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు, అంటే కాంపాక్ట్ సెన్సరుకు వైశాల్యంలో దాదాపు మూడు రెట్లు. దుకాణంలో చెప్పే మాటకు ఆధారం ఇదే. అయితే పొలం ఎన్ని ఎకరాలున్నా కాలువ తూము ఎంత వెడల్పో అంత నీరే పారుతుందని కృష్ణా డెల్టాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కెమెరాకు తూము లెన్స్‌లోని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం. ఒకే చోట నిలబడి, ఒకే దృశ్యాన్ని, ఒకే షట్టర్ స్పీడులో రెండు కెమెరాలతో తీసినప్పుడు ఏ కెమెరాలోకి ఎక్కువ వెలుతురు వెళ్లిందో నిర్ణయించేది ఆ రంధ్రపు అసలు వ్యాసం. లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను దాని పక్కనే ఉండే ఎఫ్ సంఖ్యతో భాగిస్తే అది తెలిసిపోతుంది.

ఆర్50తో వచ్చే కిట్ లెన్స్ 18-45 మి.మీ., ఎఫ్ 4.5-6.3. జూమ్ చివర 45ను 6.3తో భాగిస్తే వ్యాసం 7.1 మిల్లీమీటర్లు. అదే దృశ్యకోణం రావడానికి జీ7 ఎక్స్ లెన్స్‌ను సుమారు 26.5 మి.మీ. దగ్గరకు జరపాలి; అక్కడ ఎఫ్ సంఖ్య ఎక్కువలో ఎక్కువ 2.8 కనుక రంధ్రం కనీసం 9.5 మిల్లీమీటర్లు. వెలుతురు రంధ్రపు వైశాల్యాన్ని, అంటే వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చిన్న సెన్సర్ కాంపాక్టులోకే ముప్పావు వంతు పైగా ఎక్కువ వెలుతురు పోతున్నది. జూమ్ మొదట్లో కూడా కిట్ లెన్స్ రంధ్రం 4 మిల్లీమీటర్లే, కాంపాక్టుది 4.9, దృశ్యకోణం అక్కడ సరిగ్గా సమానం కాకపోయినా మొగ్గు అటే. వెనుక దృశ్యాన్ని మసకబార్చే శక్తి కూడా ఈ రంధ్రాన్నే అనుసరిస్తుంది కాబట్టి, "మిర్రర్‌లెస్‌లో బ్లర్ బాగా వస్తుంది" అన్న ఆశతో కొని కిట్ లెన్స్‌తో ఫొటో తీసినవాళ్లకు నిరాశే మిగులుతుంది. తీరా తూచి చూస్తే కాంపాక్ట్ 304 గ్రాములు, ఆర్50 కిట్ లెన్స్‌తో కలిపి 505 గ్రాములు. ఆ అదనపు రెండు వందల గ్రాముల బరువుకు తక్కువ వెలుతురులో దక్కేదేమీ లేదు.

ఈ లెక్క నా వాదనకు మరీ అనుకూలంగా ఉందనిపించవచ్చు, అందుకే దాని హద్దు కూడా చెప్పాలి. వెలుతురు కరువైన చోట మాత్రమే తూము వెడల్పు ప్రధానమవుతుంది. ఎండ విరగకాసే పగటిపూట వెలుతురుకు కొదవ ఉండదు. అప్పుడు సెన్సర్ ఎంత వెలుతురు పట్టి ఉంచుకోగలదన్నది లెక్కకు వస్తుంది, పెద్ద సెన్సర్ అందులో కచ్చితంగా ముందుంటుంది. ప్రకాశం బ్యారేజీ మీద మిట్టమధ్యాహ్నం నిలబడి, తెల్లగా మండే ఆకాశాన్నీ గేట్ల కింది నీడనూ ఒకే ఫొటోలో పట్టుకుని, తరువాత రా ఫైలులో (సెన్సర్ పట్టినదాన్ని కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) ఆ నీడను వెలిగించి చూస్తే, మిర్రర్‌లెస్ ఫైలు నిలబడినంతగా కాంపాక్ట్ ఫైలు నిలబడదు. వెలుతురు బాగా ఉన్నప్పుడు వాడే ఐఎస్ఓ 100లో, రా ఫైలుతో, ఓపికగా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి ఇది విలువైన తేడా. జేపీఈజీ తీసి నేరుగా వాట్సాప్‌లో పంపేవారి కంటికి అది ఆనదు. మా వాడు రెండో రకమే అనుకుంటున్నాను, వాడు ఒప్పుకోకపోయినా.

ఎండలో కనిపించని తెర

వెలుతురు లెక్కలో గెలిచిన కాంపాక్ట్ ఒక మామూలు విషయంలో ఓడిపోతుంది, అదీ మన ఊళ్లలోనే ఎక్కువగా. జీ7 ఎక్స్‌కు వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, లేదు. మే నెలలో ఉదయం పది దాటిన తరువాత పున్నమి ఘాట్‌లోనో, భవానీపురం వైపు నది ఒడ్డునో దాని తెర మీద ఏముందో చూడాలంటే చేయి అడ్డం పెట్టుకోవాలి, అయినా సగం ఊహించుకోవాలి. ఆర్50కి చిన్నదైనా ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఉంది, కన్ను ఆనిస్తే బయటి ఎండతో సంబంధం ఉండదు. ఆర్ఎక్స్100 మార్క్ 7లో పైకి లేచే వ్యూఫైండర్ ఉంది గాని కళ్లజోడు పెట్టుకునేవారికి అది ఇరుకు, పైగా ఆ కెమెరా ధర ప్రారంభ స్థాయి మిర్రర్‌లెస్‌ను దాటిపోతుంది. సమీక్షల్లో తెర కాంతి గురించి ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఏడాదిలో సగం రోజులు ఎండ మాడ్చే ఊరిలో అది కొనుగోలును నిర్ణయించదగిన విషయం.

ఫోకస్ విషయంలో కూడా మిర్రర్‌లెస్‌దే పైచేయి. జీ7 ఎక్స్ మార్క్ 3 కాంట్రాస్ట్ ఆధారంగా ముందుకూ వెనక్కీ వెతుక్కుంటూ ఫోకస్ చేస్తుంది. ఆర్50 సెన్సర్ మీదనే, ఫోకస్ ఎటు జరపాలో వెతక్కుండా తెలుసుకునే ఫేజ్ డిటెక్షన్ ఉంది, మనిషి కన్నునూ జంతువునూ వాహనాన్నీ గుర్తుపట్టి వెంటాడుతుంది. కదలని వస్తువులకు ఈ తేడా తెలియదు. మేడ మీద పరుగెత్తే మూడేళ్ల పిల్లవాడికి తెలుస్తుంది. ఇంట్లో అలాంటి పిల్లలుండి, వాళ్ల కోసమే కెమెరా కొంటున్నవారికి నా పై లెక్కలన్నీ పక్కన పెట్టి మిర్రర్‌లెస్ కొనుక్కోమనే చెబుతాను. ఆర్ఎక్స్100 మార్క్ 7లో 357 ఫేజ్ డిటెక్షన్ బిందువులున్నాయి గాని ధర మళ్లీ అడ్డం వస్తుంది.

"ఏ చానల్ సార్?"

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరుగా ఉన్నప్పుడు ఫొటోలు తీయడం నాకు ఇష్టం. ఎర్రటి రాశులు, వరుసగా పేర్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), తలగుడ్డ చుట్టుకుని బస్తా మోసే హమాలీలు, తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు. మిర్రర్‌లెస్ మెడలో వేసుకుని లోపలికి అడుగుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు దగ్గరకు వచ్చి "ఏ చానల్ సార్?" అని అడుగుతారు. ఒక పెద్దాయన నా జవాబు కోసం ఆగకుండానే, తన సరుకు రకం ఏమిటో, కోల్డ్ స్టోరేజీలో పెట్టలేక ఎంతకు తెగనమ్ముకోవలసి వచ్చిందో చెప్పుకుంటూ పోయాడు. నేను చానల్ మనిషిని కాదని తెలిశాక ఆయన ముఖంలో కనిపించిన విసుగు న్యాయమైనదే. హమాలీలైతే పని ఆపి, చొక్కా సర్దుకుని, వరుసలో నిలబడతారు. కాంపాక్ట్ తీసుకెళ్లిన రోజున ఎవరూ తల తిప్పి చూడలేదు, పని పనిలాగే సాగింది, ఫొటోలూ అలాగే వచ్చాయి.

ఇది కాంపాక్టుకు పూర్తి మెచ్చుకోలుగా చెప్పడం లేదు. ఎవరూ గమనించకపోవడంలో ఒక ఇబ్బంది ఉంది: గమనించని మనిషి వద్దనలేడు. పెద్ద కెమెరా తన రాకను తానే చాటుకుంటుంది, ఎదుటివారికి ముఖం తిప్పుకునే అవకాశం ఇస్తుంది, ఒక్కోసారి ఆ పెద్దాయనలా మాట కలిపే అవకాశం కూడా. చిన్న కెమెరాతో తీసేటప్పుడు ఆ బాధ్యతంతా తీసేవాడి మీద పడుతుంది. నా మటుకు నేను తీసిన తరువాత తెర చూపించి అడుగుతాను. అందరూ అలా చేస్తారని అనుకోను. ఇక గుడులు, మ్యూజియంలు, పార్కుల గేట్ల దగ్గర కాపలావాళ్లు మెడలో వేలాడే కెమెరాను ఆపి పర్మిషన్ అడుగుతారు, అదే పక్కన అంతకంటే ఎక్కువ రిజల్యూషన్ ఉన్న ఫోన్లను పోనిస్తారు. తర్కం లేకపోయినా వాస్తవం అది, కాంపాక్ట్ చాలాచోట్ల ఫోను పక్షాన చేరిపోతుంది.

అదే యార్డులో ఇంకొక సంగతి బోధపడుతుంది. గాలిలో అంత ధూళి, ఘాటు ఉన్న చోట లెన్స్ విప్పి వేరేది తగిలించే సాహసం ఎవరూ చేయరు, అంటే లెన్సులు మార్చగల కెమెరా కూడా అక్కడ మార్చలేని కెమెరాగానే మిగులుతుంది. అలాగని కాంపాక్ట్ క్షేమం కాదు. దాని లెన్స్ ముందుకు సాగి వెనక్కి ముడుచుకునే గొట్టం. సాగిన ప్రతిసారీ గాలిని, గాలితోపాటు సన్నని ధూళిని లోపలికి పీల్చుకుంటుంది. మిర్రర్‌లెస్ సెన్సర్ మీద ధూళి పడితే ఇంట్లోనే బ్లోయర్‌తో ఊదుకోవచ్చు. కాంపాక్ట్ సెన్సర్ మీద పడితే కెమెరాను విప్పాలి, ఆ పని చేతనైన మెకానిక్కును వెతకాలి, అతను అడిగిన కూలి కెమెరా విలువతో పోల్చుకుని ఆలోచించాలి.

ఉండవల్లి గుహల్లో, ఉప్పలపాడు చెరువు గట్టున

రెండో లెన్స్ అంటున్నాను కాబట్టి అది ఏం చేస్తుందో చెప్పాలి. కెనాన్‌లో 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ 160 గ్రాములు, ఆ సంస్థ మిర్రర్‌లెస్ లెన్సుల్లో చవకైనవాటిలో ఒకటి. దాని రంధ్రం దాదాపు 28 మిల్లీమీటర్లు. అదే దృశ్యకోణంలో కాంపాక్టుది పదిన్నర. వర్గం చేస్తే ఏడు రెట్ల వెలుతురు. ఇప్పుడు పెద్ద సెన్సర్ కెమెరా తన పేరు నిలబెట్టుకుంటుంది: ట్యూబ్‌లైటు ఒక్కటే ఉన్న హాల్లో అన్నప్రాశన జరుగుతుంటే పిల్లవాడి కళ్లు పదునుగా, వెనుక గోడ మీది క్యాలెండరు, స్విచ్ బోర్డు కరిగిపోయి కనిపిస్తాయి. ఆ ఫొటో కిట్ లెన్స్‌తో రాదు, కాంపాక్టుతోనూ రాదు. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ లెక్క కట్టి వేసే బ్లర్, జడలో పూల అంచుల దగ్గర, చెవి జూకాల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది.

ఉండవల్లి గుహాలయం లోపల మాత్రం అదే లెన్స్ నన్ను ఆదుకోలేదు. లోపల మసక వెలుతురు కాబట్టి దాన్నే తగిలించుకుని వెళ్లాను, కాని పడుకున్న అనంత పద్మనాభుని విగ్రహం ముందు వెనక్కి జరగడానికి చోటు లేక ముఖమో పాదాలో తప్ప మొత్తం ఫ్రేములో పట్టలేదు. అదీగాక ఆర్50 బాడీలో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ లేదు, ఆ లెన్స్‌లోనూ లేదు. చేతి వణుకు ఫొటోలో కనిపించకుండా షట్టర్ స్పీడు పెంచక తప్పదు, పెంచితే ఆ ఏడు రెట్ల వెలుతురులో చాలాభాగం అక్కడే హరించుకుపోతుంది. విగ్రహం కదలదు. కదలని దానికి, విశాలమైన కోణంతో, లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉన్న కాంపాక్ట్ షట్టరును తీరుబడిగా తెరిచి ఉంచి పని పూర్తి చేసేస్తుంది. మనుషులకు ఒకటి, రాళ్లకు ఒకటి అన్నంత సులభంగా విభజించలేము గాని, గుడులూ కోటలూ గుహలూ చూసేందుకు తిరిగేవారికి కాంపాక్ట్ సరిపోతుందని నేను అనడానికి కారణం ఇదే. కొండపల్లి కోట మెట్ల మీద ఆ రెండు వందల గ్రాముల తేడా కూడా ఊరకే పోదు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఈ పోలిక తారుమారవుతుంది. ఊరి చెరువులోని చెట్ల మీద పెలికాన్లు, రంగు కొంగలు గుంపులుగా కూర్చుని ఉంటాయి, గట్టు మీద నుంచి మామూలు కంటికే బాగా కనిపిస్తాయి. కిట్ లెన్స్ అక్కడ పనికిరాదు. వేర్వేరు సెన్సర్ల కెమెరాలను పోల్చడానికి వాడే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది 72 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. జీ7 ఎక్స్ 100 దగ్గర ఆగిపోతుంది. ఆర్ఎక్స్100 మార్క్ 7 అయితే 200 వరకు వెళ్లి ఒక చెట్టును నింపుగా చూపిస్తుంది. 55-210 మి.మీ. లెన్స్ తగిలించిన ఆర్50 మాత్రం అదే లెక్కలో 336 వరకు పోయి, ఎగిరివచ్చే పక్షి కన్ను మీద ఫోకస్ నిలుపుతుంది. 270 గ్రాముల లెన్స్ అది. పక్షులంటే ఆసక్తి ఉన్నవారికి కాంపాక్ట్ గురించి ఇంత చర్చ అనవసరం.

"తర్వాత కొంటాంలే"

నా వాదనకు ఎదురయ్యే బలమైన జవాబు ఇది: ఇవాళ కిట్ లెన్స్‌తో మొదలుపెడతాం, చేతిలో డబ్బు ఆడినప్పుడు మంచి లెన్స్ కొంటాం, కాంపాక్ట్ కొంటే ఆ దారే మూసుకుపోతుంది కదా. ఈ మాటలో న్యాయం ఉంది. లెన్స్ పదేళ్లయినా పనిచేస్తుంది, బాడీ మార్చినా వెంట వస్తుంది. అయితే నా స్నేహితుల్లో, బంధువుల్లో ఈ మాట అని మిర్రర్‌లెస్ కొన్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ కిట్ లెన్స్ ఇప్పటికీ విప్పలేదు. మొదట ఈఎంఐ తీరాలి. అది తీరేలోపు కొత్త ఫోను వస్తుంది, ఫోను జేబులోనే ఉంటుంది, కెమెరా బ్యాగు బీరువా మీదికి చేరుతుంది. కెమెరా మీద ఆసక్తి పోవడానికి దాని బరువు, బ్యాగు, వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న ప్రతిసారి బేరం కూడా కారణమని నా అనుమానం. రుజువు చేయలేను. జేబులో పట్టే కెమెరా ఉన్నవాళ్లు బెసెంట్ రోడ్డులో బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు కూడా దాన్ని వెంట తీసుకెళ్లడం చూశాను. మిర్రర్‌లెస్‌ను అలా తీసుకెళ్లేవాళ్లు ఫొటోగ్రఫీని ఇప్పటికే పట్టించుకున్నవాళ్లు, వాళ్లకు నా సలహా అక్కర్లేదు.

మరో దారి కూడా ఉంది. 2019లో వచ్చిన రికో జీఆర్ 3 కాంపాక్టే అయినా దాని సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ పరిమాణానిది. 257 గ్రాములు. జూమ్ లేదు, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 28 మి.మీ. దృశ్యకోణం ఒక్కటే, వ్యూఫైండర్ లేదు. సెన్సర్ పెద్దదైతే మిర్రర్‌లెస్, చిన్నదైతే కాంపాక్ట్ అన్న విభజనను ఈ ఒక్క కెమెరా చెల్లనివ్వదు. అది మొదటి కెమెరాగా ఎవరికీ సిఫారసు చేయను, జూమ్ లేకపోవడాన్ని కొత్తవాళ్లు త్వరగా క్షమించరు.

ఇక ధర. నా వాదన అన్నింటికంటే బలహీనపడేది ఇక్కడే. ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న కెమెరాలకు మళ్లీ మోజు పుట్టిన తరువాత జీ7 ఎక్స్ వంటివి అనుకున్నప్పుడు దొరకడం లేదు, దొరికినచోట ఏళ్ల కిందటి మోడలును కొత్తదాని ధరకు అమ్ముతున్నారు. మన దుకాణాల్లో షోకేసు నిండా మిర్రర్‌లెస్ పెట్టెలే ఉంటాయి, ఎందుకంటే పెళ్లి ఫొటోగ్రాఫర్లు కొనేది అవే, లెన్సుల మీద మళ్లీ వ్యాపారం జరిగేదీ వాటితోనే. సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ కొనబోతే, సాగే గొట్టంలో మోటారు అరిగిపోయి "లెన్స్ ఎర్రర్" చూపించే రోజు ఎంత దూరంలో ఉందో పైకి చూసి చెప్పలేము. అది వచ్చిన రోజున మొత్తం కెమెరా మూలపడుతుంది. మిర్రర్‌లెస్‌లో అదే జరిగితే లెన్స్ ఒక్కటే పోతుంది.

కాబట్టి మా వాడికి ఒక షరతుతో చెప్పాను. కొత్త కాంపాక్ట్, వారంటీతో, మిర్రర్‌లెస్ కిట్ ధరకు అటూ ఇటూగా దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోమన్నాను. దాని ధర, మిర్రర్‌లెస్ కిట్‌కు 50 మి.మీ. లెన్స్ ధర కలిపినదాన్ని దాటితే మిర్రర్‌లెస్సే తీసుకోమన్నాను, కాని ఆ లెన్స్ కూడా అదే రోజు, అదే బిల్లులో తీసుకోవాలని, తరువాతకు వాయిదా వేయవద్దని చెప్పాను. అలా రెండూ కలిపి కొనడానికి డబ్బు చాలకపోతే మరో ఆరు నెలలు ఆగి, ఈలోపు చేతిలో ఉన్న ఫోనుతోనే ఉప్పలపాడు వెళ్లి రమ్మన్నాను. పక్షులు అందక చిరాకు పడి తిరిగొస్తే వాడికి కావలసింది ఏ లెన్సో వాడికే తెలిసిపోతుంది, చిరాకు పడకపోతే కాంపాక్ట్ ధర తగ్గేదాకా ఆగవచ్చు.